మూడో నంబరు సూది

చెల్లి ఇల్లు, వీధి వైపు గది
జూన్ 9

ఏరా తమ్ముడూ,

నువ్వూ, మా మరదలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరంలో అక్షరాలు చెల్లివి, మాటలు నావి. తప్పులుంటే ఎవరిని తిట్టాలో చూసుకుని తిట్టు.

ప్రయాణం బాగానే జరిగింది. కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా సిమెంటు కట్టులో ఉంది. ఇరవై ఆరేళ్ళుగా ఆడపిల్లలకి క్రోషే అల్లిక నేర్పుతున్నదాన్ని, చివరికి దారపు ఉండ మీదే కాలేసి బడి మెట్ల మీద నుంచి జారాను. ఇంకెవరైనా అయితే అరటి తొక్క మీద జారేవాళ్ళు. కట్టు ఆరు వారాలుంటుందట, ఆ తర్వాత చేతికి కసరత్తులు. అవి చేయించే ఆవిడ చెల్లి వాళ్ళ పక్క వీధిలోనే ఉంది. నవంబరులో మళ్ళీ తరగతి మొదలవుతుంది, అప్పటికి వచ్చేస్తాను.

సూదులు వెంట తెచ్చుకుంటానంటే చెల్లి ఒప్పుకోలేదు. (ఒప్పుకోను. కట్టుతోనే అల్లడం మొదలెట్టే రకం ఈవిడ. - చెల్లి) అందుకని వాటిని నీకు అప్పగిస్తున్నాను. కింది వాటాలో నా గది అలమర, రెండో అర, నీలం గుడ్డ చుట్ట. విప్పితే పదకొండు జేబులు, పదకొండు సూదులు. ఏడు ఉక్కువి, మూడు చెక్కవి, ఒకటి ఎముకది. అన్నీ మంచి రకం, ఒక్కొక్కటీ ఏరి తెచ్చుకున్నవి. వానలు పడితే ఆ గది ఉత్తరపు గోడ ఎంత చెమ్మ కారుతుందో నీకు తెలుసు.

వారానికోసారి చుట్ట విప్పి గాలికి పరిచి ఉంచు. ఉక్కు సూదుల్ని పొడిగా ఉన్న మెత్తటి గుడ్డతో తుడువు. చెక్క వాటికి నెలకోసారి తేనె మైనం గోరంత రాసి, చెయ్యి వేడెక్కేదాకా రుద్దు. వాటిని నీళ్ళలో ముంచకు. ఎముక దాన్ని ఎండలో పెట్టకు. కొక్కెం ఉన్న కొస పైకి ఉండేలా ఏ జేబులోది ఆ జేబులోనే పెట్టి, చుట్టలో ఒక సుద్దముక్క వెయ్యి. చెమ్మని అది లాగేసుకుంటుంది. అంతే పని. ఇంతకు మించి ఏమీ చెయ్యకు.

మీ అక్క

~

మన ఇల్లు, మేడ మీద
జూన్ 20

అక్కకు నమస్కారాలు.

నీ సామాను స్వాధీనం చేసుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసినవాడికి పనిముట్లు ఎలా చూసుకోవాలో ఉత్తరం రాసి చెప్పిన మొదటి మనిషివి నువ్వే. అయినా పెద్దదానివి, భరించాను.

తనిఖీ ఫలితాలు రాస్తున్నాను. మొత్తం పదకొండు, లెక్క సరిపోయింది. చెక్కవి మూడూ బాగున్నాయి. మైనం రాశాను. ఎముక దానిలో సన్నటి చార ఒకటి కనిపించింది, భూతద్దం పెట్టి చూస్తే పగులు కాదు, పుట్టుమచ్చ. ఏడో నంబరు ఉక్కు సూది మెడ దగ్గర తుప్పు మొదలవుతుంటే జీరో నంబరు ఎమరీ కాగితంతో రెండు రుద్దులు రుద్దాను. వెర్నియర్ పెట్టి అన్నిటి మందం కొలిచి పుస్తకంలో రాసుకున్నాను. మీ మరదలు గుమ్మంలో నిలబడి, "వదిన సూదులు చూసుకోమన్నారా, వాటికి సంబంధాలు చూడమన్నారా?" అని నవ్వింది. ఆవిడ ఆఫీసులో టైపు మిషను ఎవరు బాగుచేస్తే నడుస్తోందో మాత్రం మర్చిపోయింది.

నువ్వు చెప్పకపోయినా ఒక మేలు చేశాను. వానాకాలం కదా అని ఉక్కు సూదులు ఏడింటికీ పల్చగా మిషను నూనె పూశాను. ఇక తుప్పు వాటి దరిదాపుల్లోకి రాదు. ఇంకో సంగతి. మూడో నంబరు సూది మొన మరీ మొండిగా ఉంది. ఇన్నేళ్ళు దాంతో ఎలా నెట్టుకొచ్చావో ఆ దేవుడికే తెలియాలి. దాని సంగతి నేను చూస్తాలే.

తమ్ముడు

~

చెల్లి ఇల్లు
జూన్ 27

ఒరేయ్,

నూనె! నా సూదులకి మిషను నూనె! పిచ్చోడి చేతిలో రాయి అంటే ఇదే. వాటితో తెల్ల దారం అల్లుతామురా, ఇంజను కాదు. చుక్క నూనె ఉన్నా దారమంతా పసుపు మరక పాకుతుంది, ఎన్నిసార్లు ఉతికినా పోదు. (అక్క లేచి గదిలో మూడు చుట్లు తిరిగి వచ్చి కూర్చుంది. - చెల్లి)

వెంటనే గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో ముంచిన గుడ్డ పిండి, ఒక్కొక్కటీ తుడిచి, ఆ వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టు. తర్వాత దూది చుట్టి లాగు. దూది తెల్లగా వచ్చేదాకా లాగు. దూది కొక్కేనికి పట్టుకుందంటే అక్కడ గరుకు ఉన్నట్టు. పట్టుకోకపోతే సూది బాగున్నట్టు.

మూడో నంబరు "మొండిగా ఉంది" అని రాశావు. ఉండాలి నాయనా. క్రోషే సూది గుచ్చడానికి కాదు, దారాల సందున దూరి దారాన్ని పట్టుకు రావడానికి. మొన వాడిగా ఉంటే దారం చీలుతుంది, పీచులు లేస్తుంది. అది మా టీచరమ్మ సూది. ఆవిడ బడి వదిలి వెళ్ళేరోజున నా చేతిలో పెట్టింది. ఆవిడ వేలూ నా వేలూ కలిపి యాభై ఏళ్ళు అరగదీస్తే వచ్చిన నునుపు అది. మొదటిరోజు పిల్లలకి దారంతో గొలుసు కుట్టు వేసి చూపించేది దాంతోనే. ఈ నవంబరులోనూ దాంతోనే చూపిస్తాను. దాని సంగతి నువ్వు చూడొద్దు. విన్నావా?

మీ అక్క

~

మన ఇల్లు, మేడ మీద
జూలై 5

అక్కకు నమస్కారాలు.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. ఉత్తరపు గోడకి చెమ్మ ఎక్కువగానే ఉంది. అలమరని గోడ నుంచి జానెడు ఇవతలికి జరిపాను. వీధి చివర సైకిలు షాపతను కొత్త రేకులు వేయించాడు, వాన పడితే డప్పు వాయించినట్టుంటుంది. మీ మరదలికి ఆఫీసులో పని ఎక్కువైంది. నూనె అంతా తీసేశాను. దూది తెల్లగా వచ్చింది. సుద్దముక్క మార్చాను.

చెయ్యి ఎలా ఉంది? కట్టు ఎప్పుడు విప్పుతారు? ఆహారం బాగా తీసుకో.

ఊరికే అడుగుతున్నాను. అంటే విజ్ఞానం కోసం. క్రోషే సూది మొన ఎంత గుండ్రంగా ఉండాలి? దానికేమైనా కొలత ఉంటుందా? కొక్కెం లోపలి పల్లం లోతు మారితే నష్టమా? సాధారణంగా, అన్ని సూదుల గురించీ అడుగుతున్నాను. ఫలానా సూది అని కాదు.

తమ్ముడు

~

చెల్లి ఇల్లు
జూలై 21

తమ్ముడూ,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. నాకు ఆహారం గురించి నువ్వు రాయడం ఈ జన్మలో ఇదే మొదటిసారి. మూడో నంబరుని ఏం చేశావు? ఒక్క మాటలో రాయి. సైకిలు షాపు రేకుల గురించి వద్దు.

కట్టు విప్పారు. చెయ్యి బాగుంది. కసరత్తులు చేస్తున్నాను. అంతా బాగుంది. (ఇక్కడ నేను ఒక వాక్యం రాయబోతే అక్క వద్దంది. అందుకని రాయడం లేదు. - చెల్లి)

మీ అక్క

~

మన ఇల్లు, మేడ మీద
జూలై 28

అక్కా,

సానబట్టాను.

ఒక్క మాట అన్నావు కాబట్టి రాశాను. ఇక మిగతాది విను. నీ రెండో ఉత్తరం రావడానికి ఒక్కరోజు ముందు ఆ పని చేశాను. ఆయిల్ స్టోన్ మీద పావుగంట కూర్చుని, మొన నీట్‌గా తీర్చి, వేలికి గుచ్చి చూసుకుని మురిసిపోయాను. మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. గుమ్మంలోనే చదివి మెట్ల మీద కూలబడ్డాను. వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క పనిముట్టు పాడుచేయని వాణ్ణి, మా అక్క దాచుకున్న ఒకే ఒక్క సూదిని పాడుచేశాను. మీ మరదలు ఆరోజు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. మొనని మళ్ళీ గుండ్రంగా అరగదీశాను. ఎమరీ అయ్యాక తోలుముక్క, తోలుముక్క అయ్యాక గుడ్డ. దూది పట్టడం లేదు. కాకపోతే తల మునుపటికంటే సన్నబడింది. ఎంత సన్నబడిందో కూడా తెలుసు, ముందు కొలిచి రాసుకున్నాను కదా. పదింట మూడు వంతుల మిల్లీమీటరు. పోయిన లోహాన్ని తిరిగి తేలేను.

అది పనికొస్తుందో లేదో దూది చెప్పదు, దారమే చెప్పాలి. నడిపి చూడకుండా పనిముట్టుని బాగుందనడం మా వర్క్‌షాపులో లేదు. అందుకని నీ అలమరలో ఉన్న తరగతి నోటు పుస్తకం తీసి, మొదటి పాఠం చూసి, గొలుసు వేయడం నేర్చుకుంటున్నాను. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని మీ మరదలు అంటోంది. వంగుతోంది, కానీ కిర్రుమంటోంది. పదకొండు రోజులైంది. దారం ఇప్పటిదాకా చీలలేదు.

తిట్టు అక్కా. ఎంతైనా తిట్టు. రాయకుండా మాత్రం ఉండకు.

తమ్ముడు

~

చెల్లి ఇల్లు
ఆగస్టు 20

తమ్ముడూ,

ఈ ఉత్తరం చెల్లి రాయలేదు. ఎడమ చేత్తో నేనే రాస్తున్నాను. అందుకే ఈ కోడి గీతలు. నీకు మూడు వారాలు రాయలేదు. మొదటివారం నీ మీద కోపంతో రాయలేదు. మిగతా రెండు వారాలు నిజం రాయాల్సొస్తుందని రాయలేదు.

చెయ్యి బాగుందని రాశాను కదా, బాగాలేదు. మణికట్టు అతికింది. బొటనవేలు బిగుసుకుపోయింది. చూపుడువేలి దాకా రాదు. ఎంత వంచినా మధ్యలో ఇంకో బొటనవేలు పట్టేంత సందు మిగిలిపోతోంది. కసరత్తులు చేయించే ఆవిడ మంచిది, అబద్ధం చెప్పదు. ఇంకాస్త వస్తుంది గానీ ఇదివరకటిలా రాకపోవచ్చు అంది. చెల్లి దగ్గర ఉన్న పెన్సిలు పట్టుకుందామని చూశాను. చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లిపోయింది. దాన్ని తీయడానికి వంగి, అక్కడే కూర్చుని ఏడ్చాను.

మా బడి పెద్ద టీచరుగారికి ఉత్తరం రాశాను, నవంబరు తరగతికి ఇంకెవరినైనా చూసుకోమని. ఇంకా పోస్టులో వేయలేదు. పరుపు కింద ఉంది. సూది పట్టి చూపించలేని దాన్ని, కుర్చీలో కూర్చుని నోటితో ఏం నేర్పుతాను? వంట పుస్తకం చదివితే కడుపు నిండుతుందా?

కాబట్టి నువ్వు మూడో నంబరుని సానబట్టినా, పట్టకపోయినా ఇప్పుడు ఒకటే. దాని గురించి బాధపడకు. నిన్ను నిజంగానే క్షమించాను. అయితే క్షమించడం ఇంత తేలికగా ఉండటమే నాకు నచ్చలేదు.

అక్క

~

మన ఇల్లు, మేడ మీద
ఆగస్టు 24

అక్కా,

నీ ఉత్తరం చదివి నేనూ ఏడ్చాను. మీ మరదలు చూసింది. కాసేపయ్యాక లేచి మొహం కడుక్కుని మళ్ళీ చదివాను. "ఇంకో బొటనవేలు పట్టేంత సందు" అని రాశావు. అది కొలత కాదు. ఎవరి బొటనవేలు? చెల్లిదా? నాదా? చెల్లి కుట్టుపెట్టెలో స్కేలు ఉంటుంది, దాంతో కొలిచి ఎన్ని మిల్లీమీటర్లో రాయి.

ఇంకో పని కూడా చెయ్యి. ఇంట్లో చేతికి దొరికిన ప్రతి పిడీ పట్టుకుని చూడు. ఏది జారుతుందో, ఏది నిలుస్తుందో, ఎన్ని నిమిషాలు నిలుస్తుందో, దాని మందం ఎంతో రాయి. గుండ్రటిది నిలుస్తోందా, పలకలున్నది నిలుస్తోందా, అది కూడా.

పెద్ద టీచరుగారి ఉత్తరం పరుపు కిందే ఉంచు. అక్టోబరు ఆఖరు దాకా వేయనని మాట ఇవ్వు. అప్పటికీ వేయాలనిపిస్తే నేనే వచ్చి డబ్బాలో వేస్తాను.

తమ్ముడు

~

చెల్లి ఇల్లు
ఆగస్టు 31

ఒరేయ్ తమ్ముడూ,

మనిషి కడుపుచించుకుని ఉత్తరం రాస్తే కొలతలు అడిగేవాణ్ణి నిన్నే చూశాను. రెండురోజులు మండిపడ్డాను. మూడోరోజు చెల్లి స్కేలు తెచ్చి ఒళ్ళో పడేసి, "కొలువు, లేకపోతే వాడు బస్సెక్కి వచ్చేస్తాడు" అంది.

ఇరవై రెండు మిల్లీమీటర్లు. చాలా?

పెన్సిలు జారింది, నీకు తెలుసు. పళ్ళు తోముకునే బ్రష్షు జారింది. కొవ్వొత్తి కాసేపు నిలిచింది గానీ వేడికి మెత్తబడి, వేళ్ళ గుర్తులు పడ్డాయి. చెల్లి దాన్నే వెలిగించి, నా వేలిముద్రలు కాలుతుంటే చూస్తూ కూర్చుంది, అదో సరదా. గరిటె నిలిచింది గానీ బరువు. చపాతీ కర్ర నిలిచింది, దాంతో చెల్లి మొగుణ్ణి బెదిరించాను, ఇల్లంతా నవ్వారు. అన్నిటికంటే ఎక్కువసేపు నిలిచింది తలుపు వెనక మేకుకి వేలాడుతున్న పాత స్క్రూడ్రైవరు. చెక్క పిడి, ఇరవై ఏడు మిల్లీమీటర్లు. నాలుగు నిమిషాలు పట్టుకున్నాను. చేతిలో ఏదో ఒకటి నిలిచి మూడు నెలలైందిరా. స్క్రూడ్రైవరు పట్టుకుని సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

నీ బుర్రలో ఏం తిరుగుతోందో నాకు అర్థమైంది. వద్దు. సూది బరువు పిసరంత. పట్టుకున్నచోట కాస్త చదునుగా ఉంటుంది, బొటనవేలు దాని మీద ఆనుతుంది. కొక్కెం ఎటు చూస్తోందో కంటితో కాదు, ఆ చదునుని బట్టి వేలితో తెలుసుకుంటాం. గుండ్రటి దుంగలాంటి పిడి పెడితే కొక్కెం ఏ దిక్కు చూస్తోందో ఎవరికి తెలుస్తుంది? నా సూదుల జోలికి రావద్దు.

ఆ ఉత్తరం మాత్రం అక్టోబరు దాకా వేయను. మాట.

అక్క

~

మన ఇల్లు, మేడ మీద
సెప్టెంబరు 19

అక్కకు నమస్కారాలు.

దీనితో పాటు ఒక పొట్లం వస్తుంది. విప్పేముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు. ముందే విప్పేసి ఉంటావు, నాకు తెలుసు.

మొదటి పిడి మా పాత వర్క్‌షాపుకి వెళ్ళి లేతు మీద అల్యూమినియంతో చేశాను. అందంగా వచ్చింది. బరువు చూస్తే నీ గరిటె. రెండోది కొత్త చెక్కతో చేశాను. తేలిగ్గానే ఉంది, కానీ మీ మరదలి చేతికి సబ్బు రాసి పట్టుకోమంటే జారింది. నువ్వు రాసిన చదును అందులో పెట్టాను గానీ అది ఉలితో చెక్కిన చదును. వేలికి కొత్తగా, మొరటుగా ఉంది.

ఆరోజు మధ్యాహ్నం పనిముట్ల పెట్టె సర్దుతుంటే నా పెద్ద ఆకురాయి చేతికొచ్చింది. ఉద్యోగంలో చేరిన ఏడాది ఇచ్చినది. దాని పళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. పిడి కోసమే దాచుకున్నాను. పిడిని వెర్నియర్‌తో కొలిచాను. ఇరవై ఏడు. పైన బొటనవేలు ఆనే చోట చూస్తే చదును, ముప్ఫై నాలుగేళ్ళు నా వేలు అరగదీసిన చదును. దాని మీద వేలు పెట్టి కళ్ళు మూసుకుంటే ఆకురాయి ఎటు చూస్తోందో నాకు ఇప్పటికీ తెలుస్తుంది. మనిద్దరి చేతులూ నాన్న చేతులే, చిన్నప్పుడు అందరూ అనేవాళ్ళు. నీ వేలికీ అది సరిపోతుందనిపించింది.

పిడి ఊడదీసి, కొస తగ్గించి, బరువు పోవడానికి లోపల తొలిచాను. మూతికి ఉన్న ఇత్తడి కట్టు అలాగే ఉంచాను. అందులో మూడో నంబరుని దించాను. కొక్కెం ఎప్పుడూ ఆ చదును ఉన్న వైపే చూస్తుంది. మిగతా పది సూదుల్నీ నేను ముట్టుకోలేదు. జిగురు పెట్టలేదు, సూదికి చిల్లు పెట్టలేదు. ఇత్తడి కట్టుకి నేను పెట్టిన బుల్లి మర తిప్పితే సూది ఊడొస్తుంది, టీచరమ్మగారి సూది టీచరమ్మగారి సూదే. నీకు నచ్చకపోతే తీసేసి నన్ను తిట్టు. వద్దన్నా చేశాను, ఆ తప్పు నాదే.

ఇక జాగ్రత్తలు. పిడికి నెలకోసారి తేనె మైనం గోరంత రాసి, చెయ్యి వేడెక్కేదాకా రుద్దు. నీళ్ళలో ముంచకు. మర బిగించేటప్పుడు బలం చూపించకు. ఇంతకు మించి ఏమీ చెయ్యకు.

పొట్లంలో దారం చుట్ట కూడా ఒకటి ఉంటుంది. అది నేను వేసిన గొలుసు. ఏడు మీటర్లు. ఎందుకంత అంటే, ఆపడం ఎలాగో నీ పుస్తకంలో రెండో పాఠంలో ఉంది. మొదటి పాఠం తనిఖీలో నెగ్గకుండా రెండోదానికి వెళ్ళడం నాకు అలవాటు లేదు. ఒక్కో గొలుసు మూడు మిల్లీమీటర్లు రావాలని పెట్టుకున్నాను. మొదటి మీటరు చూడకు. చివర ఊడిపోకుండా బట్టల క్లిప్పు పెట్టాను.

తమ్ముడు

~

చెల్లి ఇల్లు
అక్టోబరు 6

తమ్ముడూ,

పొట్లం ముందే విప్పాను. ఆ దుడ్డుకర్రని చూసి చెల్లి, "దీంతో అల్లుతావా, దొంగల్ని కొడతావా?" అంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే చేతిలోకి తీసుకున్నాను. వేలు వెళ్ళి దానంతటదే ఆ చదును మీద కూర్చుంది.

మొదట ఆ దారపు చుట్ట చూశాను. ఒరేయ్, గొలుసు వేశావా, నట్లు బిగించావా? ఇంత బిగువు నా ఇరవై ఆరేళ్ళలో ఏ పిల్లా వేయలేదు. మొదటి మీటరు వదిలేస్తే, మిగతా ఆరింటిలో ఒక్కటి కూడా వదులు కాదు, ఒక్కటి కూడా చిన్నాపెద్దా కాదు. వేలితో తడిమితే స్కేలు పెట్టి గీసినట్టుంది. నీకు తొంభై ఎనిమిది మార్కులు వేద్దామనుకున్నాను. కానీ దీని మీద రెండో వరస అల్లాలంటే సూది దూరాలి కదా. చెల్లి బజారు నుంచి కొత్త సూది తెచ్చి తన చేత్తో ప్రయత్నించింది. దూరలేదు. ఇంకా సన్నది తెచ్చింది. అది దూరింది గానీ దారాన్ని పట్టుకు రాలేకపోయింది, కొక్కెం మరీ చిన్నది.

అప్పుడు నేను మూడో నంబరుతో ప్రయత్నించాను. దూరింది.

నువ్వు అరగదీసిన తల కదా, సన్నగా ఉంది. అయినా కొక్కెం లోతు అలాగే ఉంది. నీ బిగువులోకి వెళ్ళగలిగిన సూది ఈ ఊళ్ళో అదొక్కటే. దారం చీలలేదు. మొదటిరోజు నాలుగు కుట్లు వేశాను. చేతికి చెమట పట్టి ఆపాను. రెండోరోజు తొమ్మిది. కసరత్తులావిడ వచ్చి చూసి, తను చెప్పిన రబ్బరు బంతి పక్కన పెట్టి ఇదే చెయ్యమంది. ఈరోజు పొద్దున నలభై ఒకటి వేశాను. కుట్లు అందంగా లేవు. మా తరగతిలో వేస్తే నేనే విప్పించేదాన్ని. కానీ వేసింది నా కుడి చెయ్యి.

మా టీచరమ్మ సూదిని నువ్వు పాడుచేశావని ఇక ఎప్పుడూ అనుకోకు. ఆవిడా అరగదీసింది, నేనూ అరగదీశాను. నువ్వు కాస్త తొందరపడ్డావు, అంతే.

నీ గొలుసు చివర క్లిప్పు తీసి ముడి వేశాను. అది ఎలాగో రెండో పాఠంలో ఉంది. చదువు.

మీ అక్క

(ఆరోజు వద్దన్న వాక్యం ఇప్పుడు రాస్తున్నాను. అక్క ఏడుస్తోందని రాయబోయాను. ఇప్పుడు కూడా ఏడుస్తోంది గానీ ఇది వేరే రకం. - చెల్లి)

~

మన ఇల్లు, కింది వాటా
నవంబరు 4

మేడ మీది తమ్ముడికి,

పద్నాలుగు మెట్లెక్కితే చెప్పగలిగేదానికి ఉత్తరం దేనికని మీ ఆవిడ అడుగుతోంది. అయినా తీసుకొస్తానంది. చేతిరాత చూడు. ఇది కుడి చెయ్యి. నువ్వు లేతు మీద చేసి పక్కన పడేసిన అల్యూమినియం పిడికి మొన్న పెన్ను బిగించావు కదా, అల్లికకి బరువైనా రాతకి బాగానే ఉంది.

ఈరోజు తరగతి జరిగింది. పంతొమ్మిది మంది. మూడో నంబరు చూసి ముందు బెంచీ అమ్మాయి, "టీచర్, అది సుత్తా?" అని అడిగింది. గొలుసు వేసి చూపించాను. నెమ్మదిగా వేశాను. ఇదివరకు నా చెయ్యి ఎంత వేగంగా వెళ్ళేదంటే పిల్లలకి కనిపించేది కాదు, పదిసార్లు చూపించాల్సి వచ్చేది. ఈరోజు రెండుసార్లకే అందరికీ వచ్చింది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు కష్టంగానే ఉంది.

నీ గొలుసులో మొదటి మీటరు, చూడొద్దన్నావే, అదీ చివరి మీటరూ పక్కపక్కన గోడకి పెట్టాను. మధ్యలో ఐదు మీటర్లు నా దగ్గరే ఉన్నాయి, వాటి మీద వరసలు సాగుతున్నాయి. ఇవెవరు వేశారని అడిగారు. రెండూ ఒక్కరే వేశారు, మా తమ్ముడు, ఫిట్టరు అని చెప్పాను. నమ్మలేదు. నిన్ను ఒకరోజు తీసుకురమ్మన్నారు. గడ్డం గీసుకుని సిద్ధంగా ఉండు.

పెద్ద టీచరుగారికి రాసిన ఉత్తరం ఏం చేశావని నువ్వు అడగలేదు. అడగాలని ఉండి కూడా అడగలేదని నాకు తెలుసు. కొత్త దారం ఉండ చుట్టడానికి లోపల గట్టిగా ఏదో ఒకటి ఉండాలి కదా, దాన్ని నాలుగు మడతలు పెట్టి దాని మీద చుట్టాను. పంతొమ్మిది మంది ఏడాదంతా అల్లితే గానీ అది బయటపడదు. ఈసారి ఉండలన్నీ బుట్టలో పెట్టి మూత వేశాను, మెట్ల మీదికి దొర్లకుండా.

ఇంటికొచ్చాక సూది తుడిచాను. పిడికి మైనం రాశాను. నూనె రాయలేదు. చుట్టలో పదకొండు జేబులూ చూశాను, అన్నీ చక్కగా ఉన్నాయి, ఏడో నంబరు మెడ దగ్గర తుప్పు మచ్చ కూడా లేదు. మూడో జేబులో మాత్రం ఇప్పుడిది పట్టడం లేదు. దానికోసం కొత్త జేబు కుట్టాను, పెద్దది. దాని పక్కనే ఇంకో చిన్న జేబు కూడా కుట్టి ఖాళీగా ఉంచాను. అది నీ సూదికి. రేపు సాయంత్రం కిందికి రా, రెండో పాఠం మొదలుపెడదాం.

మీ అక్క